అనుభవం గడిలో ఏం రాయాలి

యురానీ చిలీతో అనే అమ్మాయి బయోడేటా మంగళవారం పొద్దున వెళ్లి మంగళవారం మధ్యాహ్నానికే తిరిగొచ్చింది. పట్టుకెళ్లిందీ తనే, పట్టుకొచ్చిందీ తనే. పితాలితో పట్నం నుంచి కొండ మీదికి ఎక్కే జీపులో అరటి గెలల మధ్య ఇరుక్కుని కూర్చుని, దారి పొడుగునా ఆ కాగితాన్ని ఒళ్లో బోర్లించి పెట్టుకుంది.

కాఫీ రుచి చూసే ల్యాబులో ఆరు నెలల శిక్షణకి ఒక్కటే చోటుంది. ఆ శిక్షణ పూర్తయితే తప్ప కాలేజీ వాళ్లు పట్టా ఇవ్వరు. ఇంటి నుంచి రోజూ వెళ్లి రాగలిగింది ఆ ల్యాబు ఒక్కటే. అది తప్పితే ఇంకో ఏడాది ఆగాల్సిందే.

ల్యాబు పెద్ద, ఇంజినీరు మారీత్సా ఒర్దోన్యెస్, కాగితాన్ని నిలబడే చదివింది.

“‘బాధ్యత గలదాన్ని, నలుగురితో కలిసి పని చేయగలను, ఒత్తిడి తట్టుకోగలను.’ ఈ వారంలో ఇది ఇరవై మూడోసారి చదవడం. పని అనుభవం దగ్గర ‘లేదు’ అన్నావు. మరి నిన్నెందుకు తీసుకోవాలమ్మా? శుక్రవారం దాకా గడువుంది, చూసుకో.”

కోపంగా అనలేదు. మామూలుగానే అంది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ మూడు మాటలూ నిజానికి యురానీవి కావు, స్టేషనరీ కొట్టు పెద్దావిడ దోన్యా బెర్తీల్దావి. ఊళ్లో ఎవరికి ఉద్యోగం కావాలన్నా ఆమె దగ్గరే అచ్చు ఫారం కొంటారు, నల్ల సిరాతో నింపుతారు, నీలం తెర ముందు దిగిన ఫోటో అంటిస్తారు. గడుల్లో ఏం రాయాలో ఆమెనే అడుగుతారు. జీపు దిగి యురానీ ఇంకో ఫారం కోసం అక్కడికే వెళ్లింది.

“తిప్పి పంపారా? నా రాతనా?” బెర్తీల్దా కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. “రొట్టెల కొట్టులో చేరినవాడికి అదే రాశాను, దొరికింది. స్మశానం కాపలాకి వెళ్లినవాడికీ అదే రాశాను, నలుగురితో కలిసిపోతాడని. వాడికీ దొరికింది!”

“అక్కడ కలిసిపోవడానికి ఇబ్బందేముంది దోన్యా? ఎవరూ ఎదురు చెప్పరుగా” అంది యురానీ. అనేసరికి తనకే నవ్వొచ్చేసింది. బెర్తీల్దా కూడా నవ్వి, ఒక ఫారం చుట్టి చేతిలో పెట్టింది. ఈసారి సలహా ఇవ్వలేదు.

ఇంట్లో తండ్రి ఎలియేసెర్ పొయ్యి మీద అరెపాలు, మొక్కజొన్న రొట్టెలు, తిప్పుతున్నాడు. ఎలియేసెర్ రోజుకి మాట్లాడే మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కూతురి ముఖం చూశాడు, బెల్లం కాచిన నీళ్లు లోటాలో పోసి ముందు పెట్టాడు. అడగలేదు.

అడగడానికి పక్క తోట ఒతీలియా ఉంది. జీపు డ్రైవరు ఆమె వాకిట్లో రెండు నిమిషాలు ఆగాడట, కబురు మొత్తం దింపేసి పోయాడు.

“అనుభవం లేదని రాశావంట. ఎవరికే లేనిది, నీకా?” అంటూ వచ్చి బల్ల మీద చతికిలబడింది.

“నేను ల్యాబులో ఎప్పుడు చేశాను దోన్యా?”

“ల్యాబు మాట ఎవరెత్తారు? పొద్దున్నే ఆ తొట్లో చెయ్యి పెట్టి చూసేదెవరు? పాదిరీ గారా?”

“అది పని కాదుగా. ఇంట్లో సాయం.”

ఆ కొండల్లో అంతే. పని అంటే ఇంకొకరి తోటకి పోయి చేసేది. సొంత తోటలో నడుం విరిగేలా చేసినా అది సాయమే. ఎనిమిదేళ్ల పిల్లల దగ్గర్నుంచి ఎనభయ్యేళ్ల ముసలాళ్ల దాకా అందరిదీ సాయమే. ఎవరూ దాన్ని పని అని పిలవరు, పిలిస్తే గొప్పలు పోతున్నారనుకుంటారు. యురానీ అలాగే పెరిగింది. గుజ్జు తీసిన కాఫీ గింజలు తొట్లో నానాక జిగురు వదిలిందో లేదో చూడటం పన్నెండో ఏట నుంచి ఆమె వంతు. మోచేతి దాకా చెయ్యి దింపి తీస్తుంది. చెయ్యి చేసిన గుంట పూడకుండా నిలవాలి. పిడికెడు గింజలు అరచేతుల్లో రుద్దితే గులకరాళ్లలా గరగరమనాలి. అప్పుడే కడగాలి. ముందైతే జిగురు మిగిలిపోతుంది, ఆలస్యమైతే కాఫీ పులిసిపోతుంది.

“నేను చూడటం మానేసి ఎన్నాళ్లో అయింది” అన్నాడు ఎలియేసెర్ పొయ్యి వైపు తిరిగే. “అది కడగమంటే కడుగుతా.”

ఒతీలియా బల్ల మీద చరిచింది. “విన్నావా! మనిషి నోరు తెరిచాడు. రాయి!”

యురానీ ఫారం పరిచింది. పని చేసిన చోటు: ఎల్ గ్వామో తోట. యజమాని పేరు: ఎలియేసెర్ చిలీతో.

“యజమానినా? నేనా?” తండ్రి చేతిలో అరెపా అలాగే ఆగిపోయింది.

“మరి బూట్లు తుడుచుకోండి దోన్ ఎలియేసెర్, యజమానులు ఇట్లా ఉంటారా?” అంది ఒతీలియా.

మానేసిన కారణం అని ఒక గడి ఉంది. యురానీ కాసేపు కలం కొరికి ‘మానలేదు’ అని రాసింది. చేసిన పనుల దగ్గర ‘కాఫీ పనులు’ అని రాయబోయింది.

“ఏం పనులు? ఎన్నాళ్లు? ఎన్ని మూటలు?” ఒతీలియా కలం పట్టుకుని ఆపింది. “నీకు మీ నాన్న పోలికే వచ్చింది. మాట ఖర్చయిపోతుందని భయం.”

అప్పుడు యురానీ నెమ్మదిగా, ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటూ రాసింది. ‘ఎనిమిదేళ్లుగా తొట్టి చూసేది నేను. ఏ గంటకి కడగాలో నిర్ణయించేది నేను. నిరుడు నలభై రెండు మూటలు అమ్మాం. పులిసిందని ఒక్కటి కూడా వెనక్కి రాలేదు.’ రాసి చదువుకుంటే ఎవరో కాస్త పొడుగాటి పిల్ల కనిపించింది. ఆ పిల్ల తనే అని నమ్మడానికి ఇంకోసారి చదువుకుంది.

“అంతకు ముందటేడు ఒక తొట్టి గింజలు పాడయ్యాయి కదా” అంది. “అది కూడా రాయాలా?”

“పిచ్చి మొహమా! పెళ్లి ఫోటోకి చీమిడి ముక్కుతో కూర్చుంటారా ఎవరైనా?”

యురానీ రాయలేదు. తండ్రి ఇంకో అరెపా తిప్పాడు.

యజమాని ఫోన్ నంబరు గడి చివర ఆమె ఇంకో వాక్యం చేర్చింది: ‘పన్నెండు నుంచి ఒంటిగంట మధ్య చేయగలరు. ఆ వేళకి సిగ్నల్ అందే చోట ఉంటారు.’ సిగ్నల్ అందేది బడి ప్రహరీ గోడ మీద మాత్రమే. గురువారం కాగితం ల్యాబులో ఇచ్చింది. శుక్రవారం పన్నెండుకి ఎలియేసెర్ ఉతికిన చొక్కా వేసుకుని గోడెక్కి కూర్చున్నాడు. ఒంటిగంట దాకా కూర్చున్నాడు. ఫోన్ మోగలేదు.

శనివారం మళ్లీ ఎక్కాడు. ఈసారి పక్కన యురానీ, కింద ఒతీలియా, కొట్టు మూసుకుని వచ్చిన బెర్తీల్దా. పన్నెండూ ఇరవైకి ఫోన్ మోగింది. ఒతీలియా కింద నుంచే కర్రతో పొడిచినట్టు చెప్పింది, “గట్టిగా వినపడేలా పెట్టండి!”

“యురానీ యజమానిగారేనా?” ఇంజినీరు గొంతులో నవ్వు దాగలేదు.

“ఆ” అన్నాడు ఎలియేసెర్.

“కడిగే వేళ ఆ అమ్మాయికెలా తెలుస్తుంది?”

“చెయ్యి పెడుతుంది.”

అవతల ఎదురు చూశారు. ఇవతల ఇంకేమీ రాలేదు. ఒతీలియా రెండు చేతులతో గాలిలో ఈదుతోంది, ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అని.

“ఎప్పుడైనా పొరపాటు పడిందా?”

“ఒకసారి.”

ఒతీలియా నెత్తి పట్టుకుంది. తండ్రి మాత్రం కొండల వైపు చూస్తూ, తొందర లేకుండా, ఆ వారం మొత్తం మీద మాట్లాడినన్ని మాటలు మాట్లాడాడు.

“అంతకు ముందటేడు. చలి బాగా ఉండింది. తొందరపడి కడిగించింది. ఎండబెట్టాక కూడా నాకు తెలీలేదు. తనే వచ్చి చెప్పింది, నాన్నా, ఇది మంచి మూటల్లో కలపొద్దు, నా తప్పు అని. విడిగా పెట్టాం.”

“ఈ సంగతి కాగితంలో లేదే” అంది ఇంజినీరు.

యురానీ ఫోన్ అందుకుంది. “పై గింజలే చూశానండీ. చలికి అడుగున జిగురు వదల్లేదు. అప్పట్నుంచి అడుగు నుంచి కూడా తీసి చూస్తున్నా. ఏ రోజు ఎంత చలో, ఎన్ని గంటలు నానిందో నోటుబుక్కులో రాస్తున్నా. రెండు పుస్తకాలయ్యాయి.”

“రెండు పుస్తకాలు రాసి అనుభవం లేదని ఇచ్చావా మంగళవారం?”

యురానీ తల గోక్కుంది.

“చూడమ్మా, మా దగ్గర నాలుక ఎంత ముఖ్యమో ఇదీ అంతే. చెడింది చెడిందని చెప్పగలగాలి, అది సొంత ఇంటిదైనా సరే. సోమవారం ఏడింటికి రుచి చూడ్డానికి కప్పులు పెడతాం. ఆ పుస్తకాలు తెచ్చుకో. మంగళవారం ఇచ్చిన కాగితం నీ దగ్గరుంటే చింపెయ్.”

ఫోన్ పెట్టేసిందో లేదో ఒతీలియా కేక కొండ అవతలికి వినపడింది. కింది తోటల్లో కోత కోస్తున్నవాళ్లు బుట్టలతోనే లేచి నిలబడి, ఏమైంది, ఏమైంది అని అరిచారు. “మన యురానీకి దొరికింది!” అని ఒతీలియా, “నా ఫారం మీదే!” అని బెర్తీల్దా ఒకేసారి జవాబిచ్చారు.

యురానీ గోడ దిగబోతుంటే తండ్రి చెయ్యి అందించాడు.

“ఎందుకు చెప్పావు నాన్నా ఆ తొట్టి సంగతి? భయంతో చచ్చాను.”

“అడిగింది కదా” అన్నాడు ఎలియేసెర్. ఆమెని దింపుతూ, “ఆ రోజు నువ్వొచ్చి చెప్పినప్పుడే, నీ వెనకాల నేను మళ్లీ చెయ్యి పెట్టి చూడటం మానేశా” అన్నాడు.

ఇంత కాలం ఆ సంగతి ఆమెతో అనలేదు. యురానీ ఆ చెయ్యి వదలకుండా అలాగే పట్టుకుంది. వెనకాల ఒతీలియా, యజమాని గారూ, మధ్యాహ్నం భోజనం మీదే, కోడిని కొయ్యాల్సిందే అని అప్పుడే తగువు పెట్టుకుంది.