బూడిద మీద చంద్రుని బండి

బాలమల్లు ఒక తడక మీద నిలబడి రెండోది ముందుకు వేశాడు. దాని మీదికి అడుగు మార్చి, వెనకది లాక్కున్నాడు. కరెంటు ఫ్యాక్టరీ బూడిద చెరువులో నడకంటే అదే. పైన ఎండిన పెచ్చు, కింద బురద. ఏళ్ల తరబడి అక్కడ గట్లు పోసిన కూలీ అతను. కనుబొమల్లో బూడిద, దగ్గితే ఉమ్మిలోనూ బూడిదే. నలభై దాటలేదు గాని చూసినవాళ్లు అరవై అంటారు.

వారం నుంచి అతనిది వేరే పని. మంథని కాలేజీలో పాఠాలు చెప్పే జగన్మోహన్‌రావు చంద్రుడి మీద తిరిగే బండికి నమూనా చేశాడు. అక్కడి మట్టీ ఇంతే మెత్తనట. పాలపొడి డబ్బాల చక్రాలు, కుట్టుమిషన్ మోటారు, స్కూటర్ బ్యాటరీ. బండి మేకపిల్లంత ఉంటుంది. పోయినా ఎవరూ ఏడవనంత చవకగా చేయాలని సారు పంతం. అది కూరుకుపోతే లేపడం బాలమల్లు వంతు.

ఆ రోజు పొద్దున భార్య శంకరవ్వ అడ్డం నిలబడింది. "గంత దగ్గుకుంట ఎట్ల పోతవ్? గీ ఒక్క పొద్దు పండుకోరాదా?"

"బండి నడిస్తే కాలేజీల కొలువిప్పిస్త అన్నడు సారు. గంట గొట్టుడే పని. ఇగ గీ బూడిద తినుడు బందైతది."

మధ్యాహ్నం బండి గట్టుకు దూరంగా పోయి ముక్కు దించింది. గట్టు మీద, బండికి కట్టిన తీగ చివరి మీట పట్టుకున్న సారు ముఖం పాలిపోయింది. "రేపు దీన్ని చూడనీకి హైదరాబాద్ నుంచి పెద్దసార్లు వస్తున్నరు. ఇది మునిగితే అంతే సంగతి, మల్లూ."

బాలమల్లుకు భయమేసింది. బండితోపాటు కొలువూ మునుగుతుందని. "ఫికర్ జెయ్యకుండ్రి సారూ. గీ మూలకు మోకాలు లోతే" అంటూ రెండు తడకలతో దిగాడు.

మొన్నటిదాకా మోకాలు లోతే. నిన్న ఫ్యాక్టరీవాళ్లు బూడిద నీళ్లు వదిలే పైపు ఇటు తిప్పారు. తిప్పినవాళ్లు చెప్పలేదు, ఇతను అడగలేదు.

బండి దగ్గరికి చేరి, ఒక తడకను దాని ముందు చక్రాల కింద దోపాడు. వెనక చక్రాలు ఇంకా తవ్వుకుంటున్నాయి. ఇక మిగిలింది తన కాళ్ల కిందిదే. అది కూడా వాటికి ఇచ్చేసి పక్కకు దిగాడు. మోకాలు కాదు, నడుము దాటింది.

"ఇగ నడిపియ్యుండ్రి" అన్నాడు.

చక్రాలు తడకలెక్కి, మలుపు తీసుకుని, పాత జాడలో పడ్డాయి. అది చూసి బాలమల్లుకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడే దగ్గు తెర వచ్చింది. దగ్గిన కొద్దీ ఇంకా లోతుకు దిగబడ్డాడు.

సారు చూపు చక్రాల మీదే ఉంది. బండి గట్టెక్కాక శభాష్ అందామని తలెత్తితే, అక్కడ రెండు తడకలున్నాయి, మనిషి లేడు. పేరు పెట్టి అరుస్తూ, మీట పారేసి కూలీల గుడిసెల వైపు పరుగెత్తాడు.

పొద్దు గూకేదాకా వెదుళ్లతో పొడిచి వెతికారు. దొరికినప్పుడు శంకరవ్వ కొంగుతో అతని ముఖం తుడిచి, అప్పుడు గుర్తుపట్టింది.

మోటారు ఆపాలని ఎవరికీ తోచలేదు. గట్టు మీద పక్కకు ఒరిగిన బండి, బ్యాటరీ అయిపోయేదాకా గాలిలో చక్రాలు తిప్పుతూనే ఉంది.