నలభై గీతల బొటనవేలు

గున్నమ్మ వాకిలి ఊడుస్తోంది. చీపురు మూడోసారి విదిలించేసరికి ఆమె వేలిముద్రలు పదీ రాలి పడతాయి. తొమ్మిదింటిని చేటలోకి ఎత్తుకుంటుంది. పదోదాన్ని, కుడి బొటనవేలిదాన్ని, ఎర్రకోడి మింగేస్తుంది. కోడిని అనడానికి లేదు. ముద్ర అచ్చం చోడిగింజలాగే ఉంది.

తొమ్మిదీ అతికించుకుని, క్యారేజీ పట్టుకుని, జీడిపిక్కల ఫ్యాక్టరీకి వెళ్తుంది. ఎర్రకోడి వెనకే వస్తుంది. గేటు దగ్గర హాజరు మిషను బొటనవేలే అడుగుతుంది.

"గున్నమ్మ రాలేదు," అంటుంది మిషను.

"నీ ఎదురుగుంటనే ఉన్నాను కదేటి!"

"ఎప్పుడూ రాలేదు."

షెడ్డులో టపటపమని చప్పుడవుతుంది. పద్దెనిమిదేళ్ళుగా గున్నమ్మ కొట్టిన పిక్కలన్నీ మళ్ళీ మూసుకుంటున్నాయి. ఎవరి పాయసాల్లోంచో కూడా పప్పులు లేచి, పెంకులు తొడుక్కుని, రోడ్డు వెంట దొర్లుకుంటూ వస్తున్నాయి.

మేనేజరు నోటీసు తెస్తాడు. పద్దెనిమిదేళ్ళు రానందుకు ఆమెను పనిలోంచి తీసేశారు. గున్నమ్మకు తెలిసిన పని ఇదొక్కటే. మంచం మీదున్న అత్త మందులు ఈ పని మీదే నడుస్తాయి.

"ఇక్కడ సంతకం పెట్టు," అంటాడు మేనేజరు.

"ఎట్టకు," అంటూ దమయంతి వస్తుంది. షెడ్డులో ఆడవాళ్ళంతా చేతులెత్తి ఎన్నుకున్న యూనియన్ మనిషి ఆమె. "ఒక్కర్తివీ ఏ కాయితం మీదా ఎట్టకు. ముద్ర ఎక్కడే?"

"కోడి మింగీసింది, అప్పా."

మేనేజరు కోడి వంక చూస్తాడు. "అయితే ఉద్యోగం కోడిది. దానికి భోజనం బెల్లు కూడా అక్కర్లేదు."

"అది పొద్దున్నే యూనియన్ల సేరింది బాబూ. మనిషి పీట మీద కూకోనంటంది," అంటుంది దమయంతి.

కోడి తల పక్కకు తిప్పుకుంటుంది. ఇది నిజమేనని మేనేజరుకు తెలుస్తుంది.

"విచారణ ఎట్టండి. పక్క పీటలోళ్ళని అడగండి," అంటుంది దమయంతి.

షెడ్డులోంచి నలభై మంది, జీడి సొన అంటకుండా బూడిద పూసుకున్న చేతులతో వచ్చి వరసలో నిలబడతారు. గున్నమ్మ రోజూ వచ్చిందా అని మేనేజరు అడుగుతాడు. చీర అంచులోంచి పోగు లాగినట్టు, ఒక్కొక్కరూ తమ బొటనవేలి మీంచి ఒక్కో గీత లాగి గున్నమ్మ వేలికి చుడతారు.

"మెల్లగా సుట్టండే, ఏలు ఇరిగిపోద్ది," అంటుంది గున్నమ్మ.

"పద్దెనిమిదేళ్ళు పిక్కలు కొట్టినా ఇరగలేదు, గీతకి ఇరుగుద్దేటి!" అని వెనక నుంచి ఎవరో నవ్వుతారు.

నలభై గీతల వేలిని గున్నమ్మ మిషను మీద పెడుతుంది.

"నలభై మందీ వచ్చారు," అంటుంది మిషను.

"అందులోంచి గున్నమ్మను తీసెయ్యి," అంటాడు మేనేజరు.

"ఎక్కడ కోసినా నలభై మందీ పోతారు. కొయ్యమంటారా?"

షెడ్డు ఖాళీగా ఉంది. ఆవిరి పట్టిన పిక్కలు చల్లారిపోతున్నాయి. మేనేజరు నోటీసును నాలుగు మడతలు పెట్టి, నోట్లో వేసుకుని నములుతాడు. లోపల పిక్కలు ఒక్కొక్కటే విచ్చుకుంటాయి. పప్పులు ఎవరి పాయసంలోకి అవి తిరుగు ప్రయాణమవుతాయి.

మర్నాడు పొద్దున్న దమయంతి గున్నమ్మ ఇంట్లో టీ తాగుతోంది. గ్లాసు పట్టుకున్న ఆమె బొటనవేలు ఒలిచిన జీడిపప్పులా నున్నగా ఉంది.

"నీ ఏలు మీద ఒక్క గీతా నేదేటప్పా?"

"ఎప్పుడో ఇచ్చీసినాను. ఒకలికొకటి, ఒకలికొకటి."

"మరి మిషను నిన్నెలగ రానిస్తంది?"

"మీ మజ్జిన నడుస్తాను కదే. నన్నాపాలంటే మిమ్మల్నాపాలి."

గుమ్మంలోకి పక్క ఫ్యాక్టరీ మనిషొకామె వచ్చి చేట చాస్తుంది. చేటలో ఆమె గొంతు ఉంది, పిక్కంత, పెంకు మూసుకుని. ఎవరు మూశారో చెప్పడానికి ఆమెకు గొంతు లేదు. దమయంతి గ్లాసు కింద పెడుతుంది. చేట అందుకుని, గుమ్మం దిగి వెళ్ళిపోతుంది.

గున్నమ్మ చీపురు పట్టుకుని చూస్తుంది. దమయంతి ముందు నడుస్తోంది, పక్క ఫ్యాక్టరీ ఆమె వెనక. ఊడ్చిన మట్టిలో మాత్రం నలభై జతల అడుగులు పడుతున్నాయి. అన్నిటికంటే వెనక, కాస్త ఆలస్యంగా, ఒక కోడి కాళ్ళు.