నీడ గడిలో టిక్కు

ఆ కాలేజీలో మొదటి ఏడాది పిల్లలకు వారానికి రెండు సెమినార్లు. లైబ్రరీ కార్డు ఎలా తీసుకోవాలి, జ్వరమొస్తే ఎవరి తలుపు తట్టాలి, అర్థం కాలేదని లెక్చరర్‌తో ఎలా చెప్పాలి, ఇవీ అక్కడి సంగతులు. మేడమ్ ముందు కర్టెన్లు తీసి, ఎండని లోపలికి రానిచ్చి, రెండు హాజరులు వేస్తారు. ఒకటి మనిషికి, ఒకటి నీడకి. కొత్త పిల్లల నీడలు ఇంటి దగ్గరే ఉండిపోతాయి కదా! తీరిగ్గా ఏ రెండు వారాలకో వచ్చి చేరతాయి.

ఏడో వారానికి అందరివీ వచ్చేశాయి, మూడో బెంచీ అమ్మాయిది తప్ప. నోరు విప్పదని క్లాసంతా ఆ పిల్లకి 'మూగనోము' అని పేరు పెట్టింది.

ఆ గురువారం మేడమ్ ఆ పిల్ల పేరు పిలిస్తే జవాబు లేదు. తలెత్తి చూశారు. బెంచీ మీద పిల్ల లేదు, నీడ మాత్రం జడతో సహా బుద్ధిగా కూర్చుని ఉంది! ఇరవై ఏళ్ల సర్వీసులో నీడ లేని మనుషుల్ని చూశారు గానీ, మనిషి లేని నీడని చూడలేదు.

"మీ పిల్ల ఏదే?" అని కంగారులో నీడనే అడిగేశారు.

పక్కనున్న అమ్మాయి లేచింది. "టీసీ తీసుకుని వెళ్లిపోతోంది మేడమ్. హాస్టల్లో పెట్టె సర్దుకుంటుంటే చూశాను. కాగితం మీద మీ సంతకం కూడా ఉంది."

"నా సంతకమా!"

పొద్దున మెట్ల మీద ఎవరో కాగితం చాపితే, సెలవు చీటీ అనుకుని గీకిపారేశారు. చదవకుండా సంతకం పెట్టొద్దని మొదటి సెమినార్లో చెప్పింది ఆవిడే!

"మరి నువ్వు దాన్నేమీ అడగలేదా?"

"ఏమని అడగాలో తెలీలేదు మేడమ్."

నీడ గడిలో టిక్కు కొట్టి, రిజిస్టరు చంకన పెట్టుకుని మేడమ్ ఆఫీసుకి పరిగెత్తారు. అక్కడ ఆ పిల్ల పెట్టెతో నిలబడి ఉంది, గుమాస్తా ముద్ర పైకెత్తి ఉన్నాడు.

"ఆగండి!"

కామా తప్పినా కాగితం వెనక్కి కొట్టే రకం ఆ గుమాస్తా. రిజిస్టరు చూసి ముద్ర పక్కన పెట్టేశాడు. "నీ నీడ క్లాసులో హాజరై ఉందమ్మాయ్. సగం మనిషికి టీసీ ఇవ్వడం కుదరదు. పోయి తెచ్చుకో."

"నా నీడా? వచ్చిందా?" ఆ పిల్ల బిత్తరపోయింది. తర్వాత కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "వస్తే రానీండి. ఏడు వారాలుగా నాతో పలికిన నాథుడు లేడు మేడమ్. దాన్ని కూడా లాక్కుని పోతాను."

పెట్టె ఈడ్చుకుంటూ వెళ్లి విసురుగా క్లాసు తలుపు తోసింది. తోసి, నోరెళ్లబెట్టింది.

మూడో బెంచీలో తన నీడా, పక్కమ్మాయి నీడా తలలు ఆనించుకుని భుజాలు అదిరేలా నవ్వుకుంటున్నాయి. పక్కమ్మాయి మాత్రం బిక్కమొహంతో గోళ్లు కొరుక్కుంటోంది.

"ఇందాకట్నుంచీ ఇదే వరస," అందా అమ్మాయి మెల్లిగా. "ఏం మాట్లాడుకుంటున్నాయంటావ్?"

మూగనోము చాలాసేపు వాటినే చూసింది. పెట్టె కింద పెట్టింది.

"ఏమో. కాస్త జరుగు," అంది.