మూత తియ్యొద్దు

విజయదశమి మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికే రొయ్యల రైతు అప్పాజీగారు మా ల్యాబ్‌లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు. భీమవరంలో రొయ్యలకు జబ్బులు పరీక్ష చేసే చిన్న ల్యాబ్ మాది. టెక్నీషియన్‌ని నేనొక్కదాన్నే. పరీక్ష చేయించకుండానే ఆయన రెండు లక్షల రొయ్యపిల్లల్ని, అంటే సీడ్‌ని, ఆక్సిజన్ సంచుల్లో వ్యాన్ ఎక్కించుకుని వచ్చేశారు. మధ్యాహ్నంలోగా చెరువులో వదలకపోతే చచ్చిపోతాయి. జబ్బున్నవి వదిలితే చెరువంతా పోతుంది.

“ఇంకెంతసేపండీ, లక్ష్మీదుర్గగారూ?”

“మీరు కూర్చుంటే తొందరగా అవుతుందండి.”

ఆయన కూర్చోలేదు. నమూనాల ట్యూబుల్ని జతలుగా తూచి, సెంట్రిఫ్యూజ్ యంత్రం గుంటల్లో ఎదురెదురుగా పెట్టి తిప్పాను. అర నిమిషం కాకముందే బల్ల గడగడలాడింది, లోపల ఏదో ఫట్‌మంది. ప్లగ్గు పీకేశాను. ట్యూబులున్న రోటర్ చక్రం మాత్రం గిర్రున తిరుగుతూనే ఉంది. పాత యంత్రం కొన్న ఓనర్ మురళీకృష్ణగారిని, మూత లాక్ పాడై నెలైనా రాని మెకానిక్‌ని, కరెంటుని కడుపారా తిట్టుకున్నాను.

“చేత్తో ఆపేద్దామండి. చెరువులో గాలి కొట్టే ఏరేటర్ చక్రాన్ని రోజూ ఇలాగే ఆపుతాం,” అంటూ అప్పాజీగారు మూత ఎత్తేసి చెయ్యి లోపల పెట్టబోయారు.

ఆ చేతిమీద ఛెళ్లున ఒక్కటిచ్చాను. “బుద్ధుందా? వేళ్లు తెగిపోతాయి!”

మా నాన్న వయసు మనిషి. వెనక్కి జరిగారు. మూతేసి, నాలుగు నిమిషాలు నిలబడ్డాం. బయట డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు.

ఆగాక చూస్తే రెండు ట్యూబులు పగిలాయి. ఒక గుంట అడుగున పసుపు బియ్యం! నిన్న ఆయుధపూజలో మూత తీసి మరీ అక్షింతలు చల్లింది నేనే. ట్యూబులు తూచాను గానీ గుంటలు చూడలేదు; ఒకవైపు బరువెక్కింది. తప్పు ఓనర్ మీదికి నెట్టేద్దామని ఆయన పేరు నోటిదాకా వచ్చింది.

“ఈ బియ్యం నేనే వేశానండి. మళ్లీ మొదట్నించీ చెయ్యాలి,” అన్నాను. సిగ్గుతో ఆయన మొహం చూడలేకపోయాను.

గ్లవ్స్‌తో గాజు ఏరి, మందునీళ్లతో తుడిచి, రోటర్‌కి పగుళ్లు లేవని చూసుకుని, కొత్త నమూనాలు తిప్పాను. రిపోర్టు మూడింటికొచ్చింది. జబ్బు లేదు. కాగితం పట్టుకుని వ్యాన్ దగ్గరికి పరిగెత్తాను. అప్పటికే సగం సంచుల్లో పిల్లలు చచ్చి, తెల్లగా అడుక్కి దిగిపోయాయి.

“నా వల్లేనండి,” అన్నాను.

అప్పాజీగారు ఒక సంచి ఎత్తి వెలుగులో చూసి దించారు. తర్వాత రిపోర్టు అందుకున్నారు.

“సీడ్ మళ్లీ దొరుకుద్దమ్మా. చెయ్యి దొరకదు కదా,” అని, మణికట్టు రుద్దుకున్నారు. “గట్టిగానే కొట్టారు గానీ.”

నవ్వబోయి, అక్కడే వ్యాన్ పక్కన నిలబడి ఏడ్చేశాను.