ఓవెన్ చల్లారినంక

డిండోలి బస్తీల సోమలింగం ఇంట్ల పొద్దు నాన్‌ఖటాయి వాసనతోటే మొదలైతది. సోమలింగం బట్ట నేసే సాంచెల మీదికి పోంగనే వాళ్లమ్మ వెంకటవ్వ పీట మీద కూసోని పిండి ఉండలు చేస్తది, కోడలు పద్మారాణి వాటిని కరెంటు ఓవెన్ల కాలుస్తది. అత్త చేతి ఉండ లేకుంటే ఆ బిస్కెట్లు కొనేటోళ్లే లేరు. ఈ మాట పద్మారాణి ఊరందరికీ చెప్తది గాని అత్త ముందట మాత్రం అనదు.

ఓవెన్‌కు ఒక గుణమున్నది. వేడి మీదుంటే నలుగురు పట్టినా కదలదు. నిండా చల్లారితే నేల విడిచి పైకి లేస్తది. అందుకే పనైనంక దాన్ని చీర అంచుతోటి కిటికీ చువ్వకు కట్టేస్తరు. పాల మీద మూత పెట్టినవా అని అడిగినట్టే, ఓవెన్ కట్టేసినవా అని అడుగుతది పక్కింటి సారక్క.

ఇల్లు మారుదామని చూస్తుంటే పర్వత్ పాటియా బస్తీల మూడో అంతస్తుల రెండు గదులు కిరాయికి దొరికినయి. లిఫ్టు లేదు. వెంకటవ్వ మోకాళ్లు ఒక్క మెట్టుకే మొరపెట్టుకుంటయి. మీరు పోండ్రి, నేను ఈన్నే సారక్క కాడ ఉంటనని తెగేసి చెప్పింది.

సామాను ఎక్కిచ్చేనాడు ముసలామె ఇంకో పేచీ పెట్టింది. తను రాకున్నా పాత పొయ్యి నిప్పు కొత్తింటికి పోవాలెనట. ఊర్లయితే నిప్పుకలు కుండల పెట్టుకొని పోయేటోళ్లు. ఈడ నిప్పుకలు ఎక్కడియి? ఓవెన్నే కాగబెట్టి అట్లనే టెంపోల ఎక్కియ్యమన్నది. సోమలింగం తల్లి మాట కాదంటడా? చేతులకు గుడ్డలు చుట్టుకొని, ఇంకో ముగ్గుర్ని పిలుచుకొని పట్టిండు. ఓవెన్ ఇసుమంత కదల్లే, ఆయన అరచేయి మాత్రం కమిలింది. ముహూర్తం దాటింది. టెంపో డ్రైవరు హారన్ కొట్టి కొట్టి చాయ్ తాగపోయిండు.

పద్మారాణి స్విచ్చు బందు చేసి ప్లగ్గు పీకింది.

"చల్లారేదాంక ఎవ్వరు ముట్టొద్దు అత్తా. నిప్పు ఆడ మళ్ల పుట్టిచ్చుకుంటం. కాలిన చేతులు మళ్ల రావు."

వెంకటవ్వ కొడుకు అరచేయికి తడిగుడ్డ చుట్టింది. గంటన్నరసేపు అత్తాకోడండ్లు ఓవెన్ ముందటే కూసున్నరు. చెయ్యి పెట్టేంత చల్లారి, కదిలేటట్టయినంక కోడలు లోపలి ట్రేలు తీసి వేరే కట్టింది, తలుపు తెరుసుకోకుండ టేపు వేసింది, వైరు చుట్టింది. ఆ పని చేసుకుంటనే, తల ఎత్తకుండ అన్నది:

"నువ్వు రాకుంటే నేను పిండే ముట్ట."

ముసలామె కొంగుతోటి కండ్లు తుడుసుకున్నది. ఇల్లు చూసి వాపసొస్తనని టెంపో ఎక్కింది.

కొత్తింటి మెట్ల కాడికి వచ్చేసరికి ఓవెన్ నిండా చల్లారి పైకి లేవబట్టింది. పద్మారాణి దాని అడుగున చేతులు పెట్టి పట్టుకున్నది. ఒక్క గడియ ఆలోచించి, జర పట్టుకోమని అత్త చేతులల్ల పెట్టింది. వెంకటవ్వ దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు హత్తుకున్నది. మోకాళ్ల మీది బరువు పోయింది. ఒక మెట్టెక్కింది, ఇంకోటి ఎక్కింది. రెండో అంతస్తు కాడ ఆగి, వెనకాల రొప్పుతున్న కొడుకును జల్ది రమ్మని కసిరింది.

మీదింట్ల ఓవెన్ కోసమే పెట్టిచ్చిన పెద్ద ప్లగ్గున్నది. గోడకు జానెడు ఎడం పెట్టి, స్విచ్చు ముసలామెతోనే ఏపిచ్చిండ్రు. ఆమె వాపసు పోయే మాటే ఎత్తలే.

ఇప్పుడు వారానికోసారి ఆమె ఓవెన్ పట్టుకొని మెట్లు దిగుతది, మేకను కట్టేసినట్టు దాన్ని గేటుకు కట్టేసి డిండోలి పోయి సారక్కను చూసొస్తది, మళ్ల దాన్ని పట్టుకొనే ఎక్కుతది. ఆనాడు మాత్రం పొద్దుగాలనే కోడలికి చెప్పిపెడ్తది:

"ఇయ్యాల పొయ్యి అంటియ్యకు బిడ్డా. నాకు కింద పనున్నది."