మన ఊరి తంతు

శనివారం పొద్దున ఆటోకు మైకు కట్టుకుని నగర పంచాయతీ వాళ్లు మహారాష్ట్ర అంచున ఉన్న సిరోంచ వీధులన్నీ తిరిగారు. "సోమవారం పొద్దుగాల నగర పంచాయత్ ముంగట మన ఊరి సొంత తంతు! అందరు తప్పక రావాలె!"

వాకిట్లో నిలబడి విన్న లింగక్క ముందు పకపకా నవ్వింది, అంతలోనే నవ్వు ఆపేసుకుంది. ఆమె వెనకవాడ నుంచి గెలిచిన సభ్యురాలు. ఆ ప్రకటన రాసింది నాగపూర్ నుంచి కొత్తగా వచ్చిన గుమాస్తా అజయ్‌కుమార్. మరాఠీలో తంతూ అంటే పోగు. ఇంటర్నెట్ తెచ్చే గాజు తీగకు ఆఫీసు కాగితాల్లో అదే పేరు. మిగతా మాటలన్నిటికీ తెలుగు అడిగి రాసుకున్న ఆ మహానుభావుడు, ఈ ఒక్క మాట రెండు భాషల్లోనూ ఒకటే అనుకున్నాడు. తెలుగువాళ్లకు తంతు అంటే పెళ్లి తంతు, పూజ తంతు.

దిద్దించడానికి ఒక్క ఫోను చాలు. లింగక్క చేయలేదు.

ఊళ్లో తీగ ఇంటర్నెట్ అంటే కాశీనాథ్ సేటుదే. ఆయన తీగ బజారు మూల దాకా వచ్చి ఆగిపోతుంది. వెనకవాడలో గిరాకీ లేదంటాడు. వాడ జనం ఫోన్లు పట్టుకుని గోదారి ఒడ్డుకు నడుస్తారు, అవతలి తెలంగాణ టవర్ సిగ్నల్ అక్కడ అందుతుంది గనక. లింగక్క అత్త కనకవ్వ చేత పింఛను వేలిముద్ర కూడా బ్యాంకు మనిషి ఆ ఇసుకలో కూర్చోబెట్టే వేయించాడు. అది తలుచుకుంటే లింగక్కకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సర్కారు పెద్ద తీగ ఆఫీసు దాకా ఎలాగూ వచ్చింది, అక్కడి నుంచి ఇంటింటికీ ఊరే సొంతంగా లాక్కోవాలని ఆమె పట్టు. వీధి స్తంభాలన్నీ తనకే రాసివ్వాలని సేటు పట్టు. సభ్యులు చెరిసగం చీలిపోయారు. దాంతో ముఖ్యాధికారి భీమ్‌రావు, సోమవారం సభ పెట్టి జనాన్నే చేతులెత్తమందాం అన్నాడు.

సభ అంటే వాడ జనం రారు, ఆ పూట కూలి పోతుంది. తంతు అంటే మాత్రం పని మానుకుని వస్తారు. లింగక్క నోరు మూసుకున్నది అందుకే.

ఆ సాయంత్రం కనకవ్వ కొబ్బరికాయ కొనుక్కొచ్చింది. "ఏం తంతు పిల్లా? బొడ్రాయికా?"

"పోదాం గద అత్తా, ఆడ్నే సూద్దువు" అని లింగక్క పొయ్యి వైపు తిరిగింది.

సోమవారం ఆఫీసు ముందు వాడకు వాడే దిగింది. ఆడవాళ్లు పసుపు కుంకుమలతో వచ్చారు, మంగయ్య డప్పు తెచ్చాడు. ఎవరి తంతో ఏమో, మనకెందుకులే అనుకుని బజారువాళ్లు చాలామంది దుకాణాల్లోనే ఉండిపోయారు. సేటు మాత్రం తన మనుషులు కొందరిని వెంటేసుకుని వచ్చాడు. డప్పు చూడగానే ఆయనకు సంగతి అర్థమైపోయింది.

"సాబ్, వీళ్లు పూజకు వచ్చారు. దేనికి చేతులెత్తుతున్నారో కూడా తెలియదు. ఈ సభ చెల్లదు" అన్నాడు భీమ్‌రావుతో మరాఠీలో. తరువాత జనం వైపు తిరిగి తెలుగులో అందుకున్నాడు. "నల్లాల నీళ్లే సక్కగ ఇయ్యలేని పంచాయత్, గాజు తీగను ఎట్ల కాపాడుతది? తెగితే నా పోరగాండ్లు వానల గూడ స్తంభం ఎక్కుతరు. వీళ్లు ఎక్కుతరా?"

సేటు మాటలో అబద్ధం లేదు. నల్లాల సంగతి అందరికీ తెలిసిందే.

భీమ్‌రావుకు తెలుగు రాదు. లింగక్క వైపు చూశాడు. "ముందు వరసలోని ఆ ముసలమ్మను అడగండి. ఎందుకు వచ్చిందో తెలిస్తే ఓటు సాగుతుంది. లేకపోతే సభ వాయిదా."

వాయిదా పడితే ఈ జనం మళ్లీ రారు. స్తంభాలు సేటువి అవుతాయి, వాడ గోదారి ఒడ్డునే ఉంటుంది. లింగక్క వెళ్లి, ముందు వరసలో ఉన్న తన అత్త ఎదుట నిలబడింది. తీగ కోసమే వచ్చాననిపించడం ఆమెకు చిటికెలో పని. కనకవ్వ కొబ్బరికాయను కొంగులో పెట్టుకుని, కోడలి ముఖంలోకి నమ్మకంగా చూస్తోంది. ఆ చూపు చూశాక లింగక్కకు అబద్ధం నోట రాలేదు.

"అత్తా, ఇది పూజ కాదు" అంది అందరికీ వినబడేలా. "మైకుల తప్పు పడ్డది. తంతు అంటే తీగ, ఇంటర్నెట్ తీగ. శనివారమే నాకు ఎర్కైంది. చెప్తె మీరు రారని చెప్పలే. పూజకే వచ్చినోళ్లు ఇండ్లకు పోవచ్చు." అదే మాట భీమ్‌రావుకు మరాఠీలో చెప్పింది.

జనంలో గోల లేచింది. మంగయ్య డప్పు భుజానికి తగిలించుకుని, "కూలి పోగొట్టినవ్ గదనే" అంటూ వెళ్లిపోయాడు. అతని వెనక ఇంకొందరు కదిలారు. సేటు నవ్వాడు.

కనకవ్వ కదల్లేదు. "ఆ తీగ మన వాడకస్తదా?"

"వస్తది."

"ఎవలది?"

"ఊరిది. మనది."

"తెగితే?"

లింగక్కకు నల్లాలు గుర్తొచ్చాయి. "తెగితే జర ఆలస్యం గావచ్చు అత్తా. నేనే తిరిగి చేపిస్త. చెయ్యకపోతే నన్ను తిట్టు."

కనకవ్వ సేటు వైపు చూసింది. "తీగ ఎయ్యిమని ఈ సేటు దగ్గరికి పోతిమి. కుర్చీ ఏసిండు, చాయ్ తాపిండు, పంపిండు. మంచోడే. ఆయన తీగ ఆయనిష్టం, మనం ఏమంటం? ఈ కోడలినైతే నడిబజార్ల నిలవెట్టి తిట్టొచ్చు." అని చెయ్యెత్తింది.

వెళ్లబోతున్నవాళ్లు ఆగారు. ఆడవాళ్ల చేతులు ముందు లేచాయి, తరువాత మగవాళ్లవి. గేటు దాకా పోయిన మంగయ్య కూడా అక్కడి నుంచే డప్పు పుల్ల పైకెత్తాడు. భీమ్‌రావు రెండుసార్లు లెక్క పెట్టించి, తీగ ఊరిదేనని తీర్మానం రాసుకోమన్నాడు.

తెచ్చిన కాయ వెనక్కి తీసుకుపోకూడదని కనకవ్వ ఆఫీసు మెట్టు మీదే కొట్టింది. చెక్కల్లో ఒకటి సేటుకిచ్చింది. ఆయన కళ్లకద్దుకుని తీసుకున్నాడు. లింగక్క కూడా చెయ్యి చాచింది.

కనకవ్వ చెక్క వెనక్కి లాక్కుంది. "తీగ మనదైంది గద. ఇగ తిట్టుడు ఇయ్యాల్నే మొదలు. శనివారం నా చేతుల కొబ్బరికాయ సూసి గూడ, నాకెందుకు చెప్పలేదే?"