ఏడో పుస్తకంలో దగ్గు

మా చిట్టి పన్నెండు పుస్తకాలూ పూర్తి చేసిన రోజున నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఐదున్నరేళ్ళ పిల్ల, బడి గడప తొక్కకుండా, మొదటి మెట్టు పుస్తకాలన్నీ ఇంట్లోనే గడగడా చదివేసింది. "ఇంట్లో కూర్చోబెట్టి పిల్ల బతుకు పాడుచేస్తున్నావు" అన్న ఆడపడుచుకి ఆ సాయంత్రమే ఫోన్ చేసి మరీ చెప్పాను. నా నోరు ఊరుకునే రకం కాదు.

నిజానికి ఆ పుస్తకాలు మా పెద్దదాని కోసం కొన్నవి. ఊపిరితిత్తుల జబ్బుతో అది బడికి వెళ్ళలేకపోతే ఇంట్లోనే చదువు మొదలుపెట్టాం. తను పెద్ద పుస్తకాల్లోకి వెళ్ళాక, ఈ చిన్నవి తీసి చెల్లెల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకొని చదివి వినిపించేది. పదకొండేళ్ళకే పోయింది. పోయే ముందు వారం, "అమ్మా, చిట్టికి చదువు ఆపకు. దానంతట అది చదువుకోవాలి" అంది. ఆ వయసు పిల్ల అనాల్సిన మాట కాదు, ఏ తల్లీ వినాల్సిన మాట కాదు. కానీ అది అంది, నేను విన్నాను, మాటిచ్చాను.

నేను ఇస్త్రీ చేస్తాను. వీధిలో సగం మంది చొక్కాలు మా ఇంటికే వస్తాయి. బల్ల గోడకి ఆనించి ఉంటుంది, నా మొహం గోడవైపు. వెనక చాప మీద కూర్చొని చిట్టి చదివేది. "అక్కలా చదవాలి, సరేనా" అని రోజూ చెప్పి ఇస్త్రీపెట్టె అందుకునేదాన్ని. తప్పు దొర్లితే నా చెవి పట్టేస్తుందని ధీమా. ఒక్క తప్పూ దొర్లేది కాదు.

ఒక్కటే దిగులు. చదువు మధ్యలో పిల్ల దగ్గేది. రెండుసార్లు డాక్టరుకి చూపించాను. "పాప గుండ్రాయిలా ఉందమ్మా, మీరే చిక్కిపోతున్నారు" అన్నాడాయన. నేను నమ్మలేదు. ఒక పిల్లని పోగొట్టుకున్నదాన్ని, ఊరికే ఎలా నమ్ముతాను? చన్నీళ్ళు ముట్టనివ్వలేదు, గాలికి పోనివ్వలేదు, బడి మాట అసలే ఎత్తనివ్వలేదు.

రెండో మెట్టు పుస్తకాలు కొందామని చిట్టిని తీసుకొని పుస్తకాల షాపుకి వెళ్ళాను. గొప్ప చూపించుకోవాలిగా, పాత పన్నెండూ సంచిలో వేసుకొని మరీ వెళ్ళాను. షాపావిడ రెండు రకాలు బల్ల మీద పెట్టింది. ఒకదాంట్లో కథలు పెద్దవి, ఇంకోదాంట్లో బొమ్మలు ఎక్కువ.

"ఏది తీసుకోమంటారు?" అన్నాను.

"పాప ఏది చదవగలిగితే అది. ఏదీ తల్లీ, ఈ పేజీ చదువు."

పేజీలో నాలుగే మాటలు. చిట్టి పేజీకేసి చూసింది, నాకేసి చూసింది, చెప్పు కొసతో నేల మీద గీతలు గీసింది.

"కొత్త చోటు కదా, సిగ్గు" అని సర్దిచెప్పి, సంచిలోంచి ఏడో పుస్తకం తీసి ఇచ్చాను. చిట్టి మొహం వెలిగింది. బాతు కొత్త గొడుగు కొనుక్కొని వాన కోసం ఎదురుచూసే కథ అది. మొదలుపెట్టిందంటే ఆగలేదు. షాపావిడ చూసి చూసి, ఒకేసారి రెండు పేజీలు తిప్పేసింది. చిట్టి మాత్రం తిప్పేసిన పేజీలో మాటలే వరసగా చెప్పుకుపోయింది. "బాతు బురదలోకి దిగింది" అనగానే అరచెయ్యి గుండె మీద వేసుకుంది. రెండుసార్లు దగ్గింది. ఆగి, ఉత్త గుటక వేసి, మళ్ళీ అందుకుంది.

ఇంట్లో అది చదువుతుంటే నేనెప్పుడూ దాని మొహం చూడలేదు. మా పెద్దది అచ్చం అలాగే గుండె మీద చెయ్యి వేసుకొని దగ్గేది. పక్కనున్న గ్లాసులో గుక్కెడు నీళ్ళు తాగి మళ్ళీ చదివేది.

"ఏమీ అనుకోకండమ్మా, పాపకి ఇవన్నీ నోటికొచ్చు. చదవడం ఇంకా రాలేదు" అంది షాపావిడ.

"మీరు పుస్తకాలు అమ్ముకోండి, మా పిల్ల సంగతి మీకెందుకు" అనేసి, పుస్తకాలు సంచిలో కుక్కుకొని, చిట్టి రెక్క పట్టుకొని బయటికి వచ్చేశాను.

ఇంటికొచ్చి పిల్లని నిలదీశాను. "ఏడాదిగా నన్ను మాయ చేశావా?"

చిట్టి బిక్కమొహం వేసింది. "అక్కలా చదవమన్నావు కదమ్మా. అలాగే చదివాను."

నేను సంచిలోంచి ఏడో పుస్తకం బయటికి తీశాను.

తర్వాత మూడు రోజులు నేను చేసింది తప్పే, తెలిసే చేశాను. ఇస్త్రీపెట్టె ఆపేసి, చిట్టి ఎదురుగా కూర్చొని, ఏడో పుస్తకం మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాను. బురద దగ్గరికి రాగానే కళ్ళు మూసుకునేదాన్ని. దీనికి నిజంగా చదవడం వస్తే ఆ దగ్గు పోతుంది, ఆ గుటక పోతుంది. ఇంట్లో నా పెద్ద కూతురిది మిగిలింది అదొక్కటే. దాన్ని నా చేతులతో నేనే చెరిపేయాలా అనిపించింది.

మూడో రోజు చిట్టి పుస్తకం మూసేసింది. "అక్క చదివింది అయిపోయింది కదా. మరి నేనెప్పుడు చదవాలమ్మా?"

మర్నాడు మళ్ళీ షాపుకి వెళ్ళాను. "మొన్న నోరు జారాను" అన్నాను. షాపావిడ నవ్వి, కూర్చోమని స్టూలు జరిపింది. రెండో మెట్టు వద్దు, మొదటి మెట్టే ఎలా మొదలుపెట్టాలో చెప్పమన్నాను. "ఆ పుస్తకాలే చాలు. బొమ్మ కనిపించకుండా అట్టముక్క అడ్డం పెట్టండి. ఒక్కో మాటా విడిగా చూపించండి. మీరు పక్కనే కూర్చోండి" అంది.

బల్ల ఇటు తిప్పేశాను. బట్టలు సాయంత్రానికి వాయిదా వేశాను. మొదటి పుస్తకానికే నెల పట్టింది. నేను విసుక్కున్నాను, అది ఏడ్చింది, ఇద్దరం అలిగాం, మళ్ళీ కూర్చున్నాం. ఏడో పుస్తకానికి వచ్చేసరికి ఐదో నెల.

ఆ రోజు ఎందుకో గ్లాసుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టుకున్నాను. చిట్టి మాట కింద వేలు పెట్టి కూడబలుక్కుంది. "బాతు... బురద... లోకి... దిగింది." నా చెయ్యి గ్లాసు మీదికి వెళ్ళింది. చిట్టి దగ్గలేదు. అట్ట జరిపి, వేలు తర్వాతి మాట కిందికి తెచ్చి, అదీ చదివింది. అప్పుడు తలెత్తి నన్ను చూసింది.

"ఏడుస్తున్నావేంటమ్మా? తప్పు చదివానా?"

"లేదమ్మా," అన్నాను. "సరిగ్గానే చదివావు."